నమ్మకం అడిగి పుచ్చుకునేవాళ్లు

చెన్నై సెంట్రల్‌లో తెలుగువాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడ్డవాళ్లలో చాలామంది ఫోన్‌లో తెలుగే మాట్లాడుతుంటారు. నా దగ్గరికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. "అన్నా, తెలుగువాళ్లేనా?" అన్నాడు పెద్దవాడు. పర్సు పోయిందట, నెల్లూరు వెళ్లాలట, తమ్ముడు పొద్దున్నుంచి ఏమీ తినలేదట. తమ్ముడు తల వంచుకుని నిలబడ్డాడు, నోరు విప్పలేదు. అన్న చెప్పిన కథ కంటే ఆ తమ్ముడి మౌనమే నా చేత ఐదు వందలు ఇప్పించింది. పదిహేను రోజుల తర్వాత వాళ్లు మళ్లీ అక్కడే కనబడ్డారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అన్నదమ్ములు కలిసి ఊరిని మోసం చేయడం అనగానే నాకు గుర్తొచ్చే సినిమా 'ద బ్రదర్స్ బ్లూమ్'. రయాన్ జాన్సన్ తీసిన రెండో సినిమా. 2008లో టొరంటో ఫెస్టివల్‌లో చూపించారు, 2009 మేలో అమెరికాలో విడుదలైంది. అన్న స్టీఫెన్‌గా మార్క్ రఫలో, తమ్ముడు బ్లూమ్‌గా ఏడ్రియన్ బ్రోడీ, వాళ్లు బుట్టలో వేసుకోవాలనుకున్న ఒంటరి ధనవంతురాలు పెనలోపిగా రేచల్ వైజ్. నల్ల సూట్లు, టోపీలు, ఓడలు, ప్రాగ్ వీధులు. చూడ్డానికి అంత ముచ్చటైన సినిమాకు పెట్టిన డబ్బు థియేటర్లలో తిరిగి రాలేదు. నాకు మాత్రం ఈ కోవలో అంత ఇష్టమైనది ఇంకోటి లేదు.

ఈ కోవ చాలా పాతది. 1849లో న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనే మనిషి ఉండేవాడు. శుభ్రంగా ముస్తాబై వీధిలో ఎవరో ఒక పెద్దమనిషిని పాత స్నేహితుడిలా పలకరించేవాడు. కాసేపు మాట్లాడి, "నామీద మీకు నమ్మకం ఉందా? ఉంటే మీ గడియారం రేపటిదాకా నాకు ఇస్తారా?" అనేవాడు. ఇచ్చేవాళ్లు! గడియారం పోగొట్టుకున్న ఒకాయన వీధిలో అతన్ని గుర్తుపట్టడంతో దొరికిపోయాడు. 'కాన్ఫిడెన్స్ మ్యాన్' అనే మాట ఆ కేసు వార్తలతోనే జనంలోకి వచ్చింది. 'కాన్' అనేది దానికి పొట్టిపేరు. 1857లో హెర్మన్ మెల్విల్ అదే పేరుతో నవల రాశాడు. 1940లో డేవిడ్ మారర్ అనే భాషా శాస్త్రవేత్త మోసగాళ్లు వాడే మాటలను సేకరిస్తూ, వాళ్ల పనితనం గురించి పెద్ద పుస్తకమే తెచ్చాడు. గాలం వేసి పట్టుకొచ్చేవాడొకడు, లోపల కూర్చుని నడిపించేవాడొకడు, ఉత్తుత్తి ఆఫీసు, ఉత్తుత్తి గుమాస్తాలు. అంటే అచ్చంగా నాటకం కంపెనీ. 1973లో వచ్చి ఏడు ఆస్కార్లు గెలిచిన 'ద స్టింగ్' సినిమాలో కనిపించేది ఆ లోకమే.

మన దగ్గరా ఈ సరుకుకు కొదవ లేదు. గురజాడ గిరీశం పూటకూళ్లమ్మ దగ్గర సంతలో సామాను కొనిపెడతానని డబ్బు పుచ్చుకున్నవాడే. 1892లో మొదట ఆడిన ఆ నాటకం 1955లో సినిమా అయింది, గిరీశం ఎన్టీఆర్. ఇక మాటలు చూడండి: టోపీ పెట్టడం, శఠగోపం పెట్టడం, పంగనామాలు పెట్టడం. ట్రిప్లికేన్ పార్థసారథి గుడిలో శఠగోపం కోసం తల వంచినప్పుడల్లా ఈ నుడికారం ఎవరికి తట్టిందో అనిపిస్తుంది. తల వంచితేనే కదా పెట్టగలిగేది! మా తమిళ పక్కింటివాళ్లూ మోసపోతే 'నామం పోట్టాన్' అంటారు. ఫోర్‌ట్వంటీ అనే తిట్టు 1860 నాటి శిక్షాస్మృతి నుంచి వచ్చింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో మోసానికి సెక్షన్ 318. తిట్టు మాత్రం మారలేదు.

2021లో తెలుగులో 'మోసగాళ్లు' వచ్చింది. అక్కడ తోబుట్టువులిద్దరు కాల్‌సెంటర్ పెట్టి అమెరికావాళ్లను ముంచుతారు. అందులో కథంతా డబ్బు చుట్టూ తిరుగుతుంది. జాన్సన్ దారి వేరు. మొదటి సీన్లు చూస్తే తెలుస్తుంది. తల్లిదండ్రులు లేని ఇద్దరు పిల్లలు, ఇంటి తర్వాత ఇల్లు మారుతూ ఒక ఊరికి వస్తారు. తమ్ముడికి ఒక అమ్మాయితో మాట్లాడాలని ఉంటుంది, ధైర్యం చాలదు. అన్న ఒక కథ అల్లుతాడు: గుహ, గుహలో వెలుగు. ఆ కథ ఊరి పిల్లలకు చెప్పాల్సింది తమ్ముడు. ఆ వేషంలో ఉంటే అమ్మాయితో మాట్లాడగలుగుతాడు! పిల్లలంతా మంచి బట్టలతో పరుగెత్తి బురదలో పొర్లుతారు. బట్టలు ఉతికే డ్రైక్లీనర్ దగ్గర అన్న ముందే వాటా మాట్లాడుకున్నాడు. ఆట ముగిసింది, అమ్మాయితో మాటలూ ముగిశాయి.

ఇక పెద్దయ్యాక కూడా అంతే. తమ్ముడు ఏ వేషం వేసినా రాసింది అన్నే. స్టీఫెన్, బ్లూమ్ అనే పేర్లు జాన్సన్ తీసుకున్నది జేమ్స్ జాయిస్ 1922 నాటి నవల నుంచి. ఒకరి రాతలో బతికే మనుషులకు పుస్తకంలోంచి వచ్చిన పేర్లు సరిగ్గా సరిపోయాయి. థాంప్సన్ నమ్మకాన్ని నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. అన్న తమ్ముణ్ని అడగక్కర్లేదు. అందుకే అందరికంటే ఎక్కువ మోసపోయింది తమ్ముడేనని నాకు అనిపిస్తుంది. అది ప్రేమతో చేసిన మోసం కావడం వల్ల నవ్వుతూ చూస్తున్నవాళ్లకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

సెంట్రల్‌లో రెండోసారి వాళ్లను దూరం నుంచి చూశాను. ఒక పెద్దావిడను ఆపారు. ఊరు గూడూరు అయింది, పర్సు మళ్లీ పోయింది. ఈసారి మాట్లాడుతున్నది తమ్ముడు. అన్న రెండడుగులు వెనక నిలబడి, తమ్ముడు చెప్పబోయే ప్రతి మాటకూ ముందుగానే పెదాలు కదుపుతున్నాడు.