'లండన్ 1917' అని చెక్కి ఉంటే పాతదేనా? ఓడ పరికరాల మీద అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లు సరకు ఓడల్లో డెక్ ఆఫీసర్‌గా తిరిగాను. ఇప్పుడు విశాఖపట్నంలో, ఇంటి వెనక షెడ్డులో, పాత సెక్స్‌టెంట్లు (ఓడ ఎక్కడుందో లెక్కగట్టడానికి సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచేవి), దిక్సూచులు, గాలి పీడనం చూపే బారోమీటర్లు బాగుచేస్తుంటాను. కొన్ని అమ్ముతాను, మనసొప్పనివి దాచుకుంటాను. "అన్నా, ఇది ఎంత పలుకుతుంది?" అంటూ వాట్సాప్‌లో ఫోటోలు వస్తూనే ఉంటాయి. ఒకటే జవాబు పదిసార్లు టైప్ చేయలేక ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: కంపెనీ పేరు, ఊరు, సంవత్సరం చెక్కి ఉంటే అసలుదే.

అనుమానం మొదలవ్వాల్సింది సరిగ్గా అక్కడే. నాకు మళ్లీ మళ్లీ వచ్చే ఫోటో ఒకటుంది, పెద్ద అక్షరాలతో "కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917" అని చెక్కిన ఇత్తడి సెక్స్‌టెంట్. ఆ పేరుతో కంపెనీ ఏర్పడిందే 1947లో. అంతకుముందు కెల్విన్ వాళ్లు వేరు, హెన్రీ హ్యూస్ వాళ్లు వేరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ఇంకోటి "విక్టోరియన్ మెరైన్ టెలిస్కోప్, 1915". విక్టోరియా రాణి పోయింది 1901లో!

ఇలాంటివి చాలావరకు మన ఉత్తరాఖండ్‌లోని రూర్కీ నుంచే వస్తాయి. గంగా కాలువ, 1847లో పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ, వీటి చుట్టూ సర్వే పరికరాల పని అక్కడ పెరిగింది, ఆ పనితనమే ఇప్పుడు అలంకరణ వస్తువులకు పనికొస్తోంది. చేసేవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లు షోకేసు బొమ్మ అనే అమ్ముతారు. చేతులు మారేకొద్దీ దానికి వయసు పెరుగుతుంది, అదీ గొడవ. నేనూ పడ్డాను. ఓడ రేవులో ఆగినప్పుడు ఒక దుకాణంలో ముచ్చటపడి కొని, ఓడ నడిపే గదిలోకి తెచ్చి చూపిస్తే మా చీఫ్ మేట్ నవ్వు ఆపుకోలేకపోయాడు. అది ఇప్పటికీ షెడ్డులో ఉంది, మేకుల డబ్బా మీద బరువుగా.

మరి ఎలా పట్టుకోవాలి? పేరు వదిలేసి గీతలు చూడండి. భూతద్దం ఒకటి చాలు. సెక్స్‌టెంట్‌లో కదిలే చేయి చివర ఒక చిన్న స్కేలు ఉంటుంది, అదే వెర్నియర్. దాని సున్నా గీతను పెద్ద స్కేలు మీద ఏదో ఒక గీతకు సరిగ్గా కలపండి. అప్పుడు వెర్నియర్ చివరి గీత కూడా పెద్ద స్కేలులో ఒక గీతకు కచ్చితంగా కలవాలి, మధ్యలో ఉన్నవేవీ కలవకూడదు. ఇదే పని 10 డిగ్రీల దగ్గర, 60 దగ్గర, 110 దగ్గర చేసి చూడండి. అసలుదైతే అన్నిచోట్లా కలుస్తుంది. బొమ్మదైతే మొదటిచోటే తేలిపోతుంది, ఎందుకంటే ఆ గీతలు కొలవడానికి గీసినవి కావు. 1770ల్లో లండన్ పరికరాల తయారీదారు జెస్సీ రామ్స్‌డెన్ ఈ గీతలు గీయడానికే ఒక యంత్రం తయారుచేస్తే, సముద్రంలో రేఖాంశం కనుక్కునే పనికి డబ్బిచ్చే బ్రిటన్ లాంగిట్యూడ్ బోర్డు 615 పౌండ్లు ఇచ్చింది, ఇంకొందరికి ఆ పని నేర్పాలని షరతు కూడా పెట్టింది. ఈ వ్యాపారంలో అసలు ఖరీదు ఇత్తడికి కాదు, ఆ గీతలకు.

ఇంకో చిన్న గుర్తు. ప్లస్ ఆకారం గాడి ఉన్న స్క్రూలు కనిపిస్తే 1930లకు ముందుది కాదు, లేదా తర్వాతెవరో విప్పి మార్చారు.

అపోహ: పేరు నిజమైనదే అయితే, చేసింది ఆయనే.

కాకపోవచ్చు. రేవు పట్టణాల్లో దుకాణదారులు లండన్ నుంచి టోకున తెప్పించి తమ పేరు చెక్కించుకునేవాళ్లు. పాత ఆక్టెంట్ల (సెక్స్‌టెంట్ లాంటివే, అంతకంటే ముందువి) స్కేలు మధ్యలో చిన్నగా "ఎస్‌బీఆర్" అని కనిపిస్తే అది స్పెన్సర్, బ్రౌనింగ్ అండ్ రస్ట్ అనే లండన్ కంపెనీ వాళ్ల పని, పైన ఎవరి పేరైనా ఉండనీండి.

అపోహ: మన దేశంలో చేసినదైతే విలువ లేదు.

ఈ మాటకి నాకు ఒళ్లు మండుతుంది. దేశాన్నంతా కొలిచిన మహా త్రికోణమితి సర్వే జరిగే రోజుల్లో కలకత్తాలోని ప్రభుత్వ పరికరాల ఆఫీసుకి ఇంగ్లీషు నిపుణుడు హెన్రీ బారో తర్వాత ఎవరిని పెట్టాలన్న ప్రశ్న వస్తే, 1840ల్లో ఆ సర్వే పెద్ద జార్జ్ ఎవరెస్ట్ పట్టుబట్టి తెచ్చింది ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్‌ని. ఆ ఆఫీసు ముద్ర ఉన్న పరికరం దొరికితే తుక్కు కింద వేయకండి. మా ఊళ్లోనే గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత డబ్బుతో వేధశాల పెట్టారు, ఆయన అల్లుడు నర్సింగరావు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా సాగడాన్ని ఇక్కడి నుంచే గమనించారు. ఈ సంగతి వైజాగ్ వాళ్లకే తెలీదు, సరే.

అపోహ: తళతళా తోమితే ధర పెరుగుతుంది.

పూజ సామాను తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి రుద్దేస్తారు. పాత పరికరాల ఇత్తడి మీద బంగారు రంగులో పల్చటి లక్క పూత ఉంటుంది, పాలిష్ పెడితే ముందు పోయేది అదే. తర్వాత చెక్కిన అక్షరాల అంచులు అరుగుతాయి. నాణ్యమైన స్కేళ్లలో గీతలు ఇత్తడి మీద కాదు, మధ్యలో పొదిగిన వెండి పట్టీ మీద ఉంటాయి, అది మెత్తన. నేను కొత్తలో ఒక బారోమీటర్ డయల్ మాసిపోయిందని మెటల్ పాలిష్ పెట్టి గుడ్డతో రుద్దాను. రెండు నిమిషాల్లో తెల్లటి డయల్ పసుపుపచ్చగా అయిపోయింది. అది వెండి రేకు అనుకున్నా, తీరా చూస్తే ఇత్తడి మీద వెండి పూత, పొగమంచంత పల్చన. మెత్తటి బ్రష్, పొడి గుడ్డ, అంతే. నల్లబడింది నల్లగానే ఉండనివ్వండి.

అపోహ: బారోమీటర్ ముల్లు ఎప్పుడూ "తుఫాను" మీదే ఉంది, పాడైపోయింది.

హైదరాబాద్‌లో మా పెద్దమ్మ గోడకి ఒకటి తగిలించి నెలరోజులకే ఫోన్ చేసింది, "ఒరేయ్, ఎండ మాడిపోతుంటే ఇది తుఫాను అంటుందిరా" అని. దాని తప్పేం లేదు. ఆ డయల్ మీది మాటలు సముద్ర మట్టానికి రాసినవి. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ పీడనం మామూలుగానే, పాదరసం కొలతలో, 28 అంగుళాల దగ్గర ఉంటుంది, డయల్ మీద తుఫాను ఉండేదీ అక్కడే. వెనక చిన్న స్క్రూ ఉంటుంది, వాతావరణ శాఖ చెప్పే సముద్రమట్టపు పీడనానికి మెల్లగా తిప్పి కలుపుకోవాలి. అసలు చూడాల్సింది ముల్లు ఎక్కడుందని కాదు, ఎటు, ఎంత వేగంగా పోతోందని. 2014లో హుద్‌హుద్ వచ్చిన పొద్దున మా ఇంట్లో ముల్లు దిగడం కళ్లకు కనిపించింది, మామూలుగా గడియారం గంటల ముల్లులా కదిలేది.

అపోహ: క్రోనోమీటర్ (ఓడ రేఖాంశం లెక్కగట్టడానికి వాడే గడియారం) అంటే సెకను కూడా తేడా రానిది.

తేడా రావచ్చు, అది రోజూ ఒకేలా ఉండాలి. రోజుకి మూడు సెకన్లు ముందుకు పోయేది అలాగే పోతుంటే లెక్కలో తీసేస్తాం, ఒకరోజు ముందుకీ ఒకరోజు వెనక్కీ పోయేదే ముంచుతుంది. భూమధ్యరేఖ దగ్గర నాలుగు సెకన్ల పొరపాటు అంటే ఓడ ఉన్న చోటు లెక్కలో ఒక నాటికల్ మైలు తేడా.

అపోహ: గుజరాత్‌లోని అలంగ్ నుంచి వచ్చిందంటే వందేళ్లది.

అలంగ్‌లో ఓడలు విరగ్గొట్టడం మొదలైందే 1983లో. అక్కడ దొరికే సెక్స్‌టెంట్లు ఎక్కువగా జపాన్ తమాయా, జర్మనీ ఫ్రైబెర్గర్ కంపెనీలవి. వయసు తక్కువే, కానీ నిజంగా నక్షత్రాన్ని కొలుస్తాయి. కొత్తవాళ్లు మొదట కొనాల్సింది అవే అని నా అభిప్రాయం.

అపోహ: చీకట్లో వెలగడం ఆగిపోయింది కాబట్టి రేడియం అయిపోయింది.

ఇది మాత్రం సరదా కాదు. యుద్ధకాలపు విమాన దిక్సూచుల అంకెల మీద రేడియోధార్మికమైన రేడియం రంగు వేసేవాళ్లు. చచ్చిపోయింది అందులో రేడియంతో కలిపిన వెలిగే పదార్థం, రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పకండి, గీకకండి, పిల్లల గదిలో పెట్టకండి.

అపోహ: మన తాతగారి వస్తువు, అమెరికా పట్టుకెళ్తే అడిగేదెవరు?

కస్టమ్స్ అడుగుతుంది. తాతగారి థియోడొలైట్‌కి (సర్వేలో కోణాలు కొలిచేది) వందేళ్లు దాటితే 1972 చట్టం ప్రకారం అది పురావస్తువు కావచ్చు, వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. అంత పాతది కాదనుకుంటే ముందే పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. ఏనుగు దంతం స్కేలు ఉన్న ఆక్టెంట్ సంగతి ఇంకా వేరు, ఇక్కడ దంతం కొనడం, అమ్మడం నేరం, ఎంత పాతదైనా సరే. అలాంటిది ధర చెప్పమని నాకు పంపకండి.

మిగతావి పంపండి, కానీ పెట్టె మీద పెట్టి ఎండలో మెరిసేలా తీసిన ఫోటో వద్దు. వెర్నియర్ దగ్గరగా ఒకటి, స్క్రూలు ఒకటి, వెనకవైపు ఒకటి. తోమకముందు.