తోటకి జనాన్ని పిలవడానికి డబ్బులెందుకు?

విజయనగరం

మన వీధి పిల్లలకి,

మొన్న పార్కులో నా చంకలో తోట ప్రచారానికి డబ్బులడిగే అర్జీల కట్ట చూసి, "తోటకి టికెట్టే లేదు కదా తాతయ్యా, జనాన్ని పిలవడానికి డబ్బులెందుకు?" అని అడిగారు. తర్వాత చెప్తానని తప్పించుకున్నాను. మొదట్లో నాకూ సరిగ్గా తెలీదు మరి.

గేటు దాటగానే ఎడమ పక్కనున్న నాగమల్లి చెట్టు మీకు తెలుసు. కొమ్మల చివర కాకుండా మానుకే పువ్వులు పూస్తుంది. పువ్వు లోపల లింగం, దాని మీద పడగ. ఇంత శివభక్తి ఉన్న చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా అంటే మన పంతులుగారు ఇప్పటికీ నమ్మరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పక్క చెట్లు కూలిపోయాయి, ఇది నిలబడింది. కిందటేడు సిరిమానోత్సవానికి వచ్చిన ఒక కుటుంబం సరిగ్గా దాని కిందే దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. లేచి వెళ్తూ, "ఇక్కడ చూడ్డానికేమైనా ఉందా బాబాయ్?" అని నన్నే అడిగారు!

ఆ రాత్రే అర్జీ రాశాను. ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసినవాణ్ని, ఒకరు నేర్పాలా? మూడు పేజీలు. 'తోట ప్రచారానికి తగిన నిధులు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన.' ఒక ఆఫీసులో అది నాలుగు నెలలు పడుకుని చివరికి కనిపించకుండా పోయింది. రెండో కాపీ పట్టుకెళ్తే, సీటులో ఉన్న అమ్మాయి చదివి మూడే ప్రశ్నలు వేసింది. ఎంత కావాలి? దేనికి? ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు? నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. 'తగిన' అంటే ఎంతో రాసినవాడికే తెలియకపోతే ఇచ్చేవాడికేం తెలుస్తుంది?

అప్పట్నుంచి నాలుగు ఆదివారాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెండు డబ్బాలు, గుప్పెడు చింతపిక్కలు. మన ఊరివాళ్లు వస్తే ఒక డబ్బాలో పిక్క, పొరుగూరివాళ్లు వస్తే రెండో దాంట్లో. మొహం తెలియకపోతే ఏ ఊరని అడిగేవాణ్ని. ఒక ఆదివారం బుడ్డోడు రెండు డబ్బాలూ తన్నేశాడు, ఆ రోజు లెక్క గోవిందా. మిగతా మూడు రోజులూ రెండో డబ్బా అడుగు కూడా నిండలేదు.

పోనీ ఊరికి ఎవరూ రావడం లేదా అంటే, వస్తున్నారు. 1713లో కట్టిన కోట చూస్తున్నారు, గురజాడ ఇల్లు చూస్తున్నారు, 1919 నాటి సంగీత కళాశాల ముందు ఆగి ఫొటోలు దిగుతున్నారు. ఇక్కడ తోట ఒకటుందని వాళ్లకి చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. దాంతో నాక్కావలసింది తేలింది. ఆ మూడు చోట్లా దారి చూపే బోర్డులు, చెట్లకి పేరు పలకలు, మ్యాపుతో ఒక కరపత్రం.

ఇక ఎవరిని అడగాలి? పార్కులు పట్టణ సంస్థల పనే. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులోని 18 పనుల్లో అదీ ఉంది. కానీ మంచినీటి పైపు పగిలిన వారంలో కరపత్రం సంగతి ఎత్తితే ఎవరు వింటారు? ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. అవి పదికాలాలు నిలిచే ఆస్తులకి. బాట వేయమని అడగొచ్చు, కరపత్రం అచ్చు వేయమనలేం. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది, చెట్టూచేమా కాపాడటం కూడా అందులోకి వస్తుంది. ఆశగా వెళ్లాను. మీ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరేది, ఆ డబ్బు తీసుకునే సంస్థలు నమోదు కోసం వేసే సీఎస్ఆర్-1 ఫారం వేశారా అని అడిగారు. మాదేమో పొద్దున్నే చెట్టు కింద చేతులెత్తి నవ్వే బృందం. మాకున్న రికార్డల్లా టీ డబ్బుల చిట్టా! ఆ కాగితాల పని ఇప్పుడు మొదలెట్టాం.

ఈలోగా బజారులో సంచుల కొట్టాయన్ని అడిగాను. "మీ తోటకి జనం వస్తే నాకేంటండీ?" అన్నాడు. కోపం వచ్చింది గానీ, అడగాల్సిన మాటే అడిగాడు. కరపత్రం వెనకవైపు మీ కొట్టు పేరు వేస్తాం, లెక్క బిల్లులతో సహా చూపిస్తాం అన్నాను. కాగితం ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు. మా మొదటి విరాళం అదే.

కొత్త అర్జీ ఒక్క పేజీయే. పైన పిక్కల లెక్క, కింద ఏ బోర్డుకి ఎంతో కొటేషన్. పోయిన వారమే ఇచ్చాను, జవాబు ఇంకా రాలేదు. దసరా వెళ్లిన మంగళవారం మళ్లీ సిరిమాను. ఆలోగా పలకల మీద పేర్లు మీరు రాయాలి, మీ అక్షరాలు నా వాటికన్నా గుండ్రంగా ఉంటాయి. లెక్క కూడా ఇంకోసారి తీయాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గరికి రండి. డబ్బాలు, పిక్కలు నేను తెస్తాను. బుడ్డోణ్ని మాత్రం ఇంట్లో వదిలేసి రండి.

మీ
తాతయ్య