గట్టిమేళం ఎక్కడ ఆపాలి: కాలేజీ పెప్ బ్యాండ్ మీద అపోహలు - వాస్తవాలు

ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లి, అక్కడే పీహెచ్‌డీలోకి మారి, మిడ్‌వెస్ట్‌లోని ఒక యూనివర్సిటీ పెప్ బ్యాండ్‌లో ఐదు సీజన్లు వాయించాను. మొదటి ఏడాది ట్రంపెట్, తర్వాత మెలోఫోన్ అనే ఇంకో ఇత్తడి బూర. అంతకు ముందు నాకున్న అనుభవమల్లా గుంటూరులో సిస్టర్లు నడిపే బడిలో ఆగస్టు 15కీ జనవరి 26కీ కవాతు బ్యాండులో ఊదడం. బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఐస్ హాకీ జరుగుతుంటే గ్యాలరీలో ఒక మూల ఒకే రంగు టీషర్టులేసుకుని పాతిక ముప్పైమంది బూరలతో నిలబడి ఉంటారు చూడండి, అదే పెప్ బ్యాండ్. ఇంట్లో వాళ్లు, ఫ్రెండ్స్, కొత్తగా అక్కడికి చదువుకి వెళ్తున్న పిల్లలు నన్ను అడిగినవీ, అడక్కుండానే అనేసుకున్నవీ ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఇది మన పెళ్లి బ్యాండు లాంటిదే.

మా అమ్మ మొదటి మాట ఇదే. "లక్షలు పోసి పంపితే బ్యాండుమేళంలో చేరావుటే?" అంది. బాబాయి పక్కనుంచి, "మ్యాచ్‌కి ఎంతిస్తారే?" అన్నాడు.

అప్పట్లో ఉక్రోషం వచ్చింది కానీ, ఇప్పుడు ఆలోచిస్తే అమ్మ అన్నదాంట్లో పెద్ద తప్పు లేదు. మన బ్యాండుమేళంలో ఉండే ట్రంపెట్టు, క్లారినెట్టు, పెద్ద డ్రమ్ము అన్నీ అక్కడా ఉన్నాయి. వచ్చినవాళ్లు మేళం వినడానికి రాకపోవడం కూడా రెండుచోట్లా ఒకటే. పెళ్లికి వచ్చినవాళ్లు పెళ్లి చూస్తారు, ఆటకి వచ్చినవాళ్లు ఆట చూస్తారు. మనం లేకపోతే మాత్రం ఏదో వెలితిగా ఉందంటారు.

అపోహ: మార్చింగ్ బ్యాండ్, పెప్ బ్యాండ్ ఒకటే.

కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో యూనిఫారాలతో, టోపీలతో నడుస్తూ ఆకారాలు కట్టేది మార్చింగ్ బ్యాండ్. పెద్ద కాలేజీల్లో రెండు మూడు వందల మంది ఉంటారు. నవంబర్‌లో బాస్కెట్‌బాల్ మొదలయ్యేసరికి వాళ్లలోంచే కొందరు పెప్ బ్యాండ్‌కి వస్తారు. ఇక్కడ నడక లేదు, టోపీ లేదు. వరసగా డ్రమ్ములు తగిలించుకున్న గుంపు బదులు ఒక్క డ్రమ్‌సెట్, చాలాచోట్ల ఒక బేస్ గిటార్. ఆ డ్రమ్‌సెట్ వాయించేవాడు పొరపాటు చేస్తే దాక్కోవడానికి చోటుండదు పాపం.

అపోహ: మ్యూజిక్ చదివేవాళ్లకే అవకాశం.

మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. నా పక్కన నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగ్, నర్సింగ్, అకౌంటింగ్ చదివేవాళ్లు. పర్డ్యూ యూనివర్సిటీ సంగతే చూడండి. మనవాళ్లు ఇంజనీరింగ్ కోసం వెళ్లే చోటు అది. అక్కడ బ్యాండు 1886లో పుట్టింది. 1907లో మైదానంలో వరసలు విడదీసి పెద్ద 'పి' అక్షరం కట్టిందీ ఆ బ్యాండే. చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదువుతూ ఆ బ్యాండులో బారిటోన్ అనే ఇత్తడి బూర ఊదాడు. ఈ ఒక్క ముక్క చెప్పాక మా నాన్న బ్యాండు గురించి మళ్లీ మాట్లాడలేదు.

ఆడిషన్ ఉంటుంది. నోట్స్ చూసి వాయించడం రావాలి. మన దగ్గర చెవితో విని నేర్చుకున్నవాళ్లకి కష్టమయ్యేది ఈ చోటే, నాకూ అయింది. ట్రంపెట్లు ఎక్కువై మెలోఫోన్లు తక్కువైనప్పుడు బ్యాండు డైరెక్టర్ నన్ను అటు జరిపారు. చూపుకి బొద్దు ట్రంపెట్‌లా ఉంటుంది, వేళ్లు అవే, స్థాయి వేరు. అహం కాస్త దెబ్బతింది కానీ మెలోఫోన్లు ముగ్గురమే కాబట్టి ఆ తర్వాత ఒక్క ట్రిప్పు కూడా తప్పిపోలేదు.

అపోహ: ఆట సాగినంతసేపూ ఊదుతూనే ఉంటారు.

ఐదేళ్లలో నేను నేర్చుకున్నది ఊదడం కంటే ఆపడమే ఎక్కువ.

కాలేజీ బాస్కెట్‌బాల్‌లో బంతి ఆటలో ఉండగా బ్యాండు వాయించకూడదు. విరామాల్లోనే వాయించాలి. రూలు పుస్తకంలోనే రాసి ఉంది, మీరితే మన జట్టు మీద టెక్నికల్ ఫౌల్ దాకా పోతుంది. అంటే మన బూర వల్ల అవతలి జట్టుకి ఫ్రీ త్రో, ఎవరూ అడ్డుకోకుండా బంతి బుట్టలో వేసే అవకాశం.

ఇక విరామాలు ఎప్పుడొస్తాయి? పురుషుల ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, గడియారం 20 నుంచి వెనక్కి తిరుగుతుంది. ప్రతి భాగంలో గడియారం 16, 12, 8, 4 నిమిషాలు దాటాక మొదటిసారి ఆట ఎప్పుడు ఆగితే అప్పుడు టీవీ ప్రకటనల కోసం పెద్ద విరామం. అంటే 15:58కి విజిల్ పడొచ్చు, 14:20 దాకా పడకపోనూ వచ్చు. మహిళల ఆట 2015-16 నుంచి 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, అక్కడ 5 నిమిషాల గుర్తు చూసుకోవాలి. వీటికి తోడు కోచ్‌లు ఎప్పుడు పడితే అప్పుడు అడిగే టైమౌట్లు.

కాబట్టి 16 దాటగానే మౌత్‌పీస్ పెదాలకి దగ్గరగా వచ్చేస్తుంది. డైరెక్టర్ చెయ్యి పైకెత్తి వేళ్లతో అంకె చూపిస్తారు. మూడు, తర్వాత ఏడు, అంటే ముప్పై ఏడో పాట. ఫ్లిప్ ఫోల్డర్ అని అరచేతికి కాస్త పెద్దదిగా ప్లాస్టిక్ కవర్ల చిన్న పుస్తకం ఉంటుంది, దాన్ని వాయిద్యానికే క్లిప్పుతో బిగిస్తాం. అందులో పేజీ తిప్పేలోపే విజిల్ పడుతుంది, డ్రమ్మర్ నాలుగు కొడతాడు, మొదలు. పాట మొత్తం వాయించే వ్యవధి దొరకడం అరుదు. ఆటగాళ్లు కోర్టులోకి తిరిగొస్తుంటే డైరెక్టర్ పిడికిలి పైకి లేస్తుంది, అది మూసుకుందంటే పల్లవి మధ్యలో ఉన్నా, మీకు ఇష్టమైన సోలో మొదలైనా సరే, ఆపెయ్యాలి.

నా రెండో నెలలో, ఇంకా ట్రంపెట్ మీదున్నప్పుడు, పిడికిలి చూడకుండా పేజీ చూస్తున్నా. ముప్పైమంది ఆగారు, నేను ఆగలేదు. పన్నెండు వేలమంది ఉన్న హాల్లో నా ఒక్కదాని బూర ఒకటిన్నర సెకను వినిపించింది. రిఫరీ తలతిప్పి చూశాడు. వెనకనున్న ట్రాంబోన్ అబ్బాయి నెమ్మదిగా, "సోలో బాగుంది" అన్నాడు. ఆ సీజన్ మొత్తం నా పేరు సోలోనే.

అమ్మకి ఇదంతా చెప్పాలని ఎంత ప్రయత్నించినా తలకెక్కలేదు. చివరికి, "తాళి కట్టేటప్పుడు పంతులుగారు గట్టిమేళం అని కేకేస్తే డోలూ సన్నాయీ ఒక్కసారిగా అందుకుంటాయి కదా, ఎవరి తుమ్మూ వినపడకుండా. మాదీ ఆ పనే, కాకపోతే ముహూర్తం ఎప్పుడో ఎవరికీ తెలీదు" అన్నా. ఓహో అంది.

అపోహ: ఫ్రీగా మ్యాచ్ చూడొచ్చు.

టికెట్ ఉండదు, నిజమే. ఆటకి గంట, గంటన్నర ముందే వెళ్లాలి, అయ్యేదాకా నిలబడే ఉండాలి, అయ్యాక కూడా కాలేజీ పాట వాయించి సామాను సర్దాలి. ఒక కన్ను గడియారం మీద, ఒకటి డైరెక్టర్ వేళ్ల మీద. గొప్ప గొప్ప షాట్లు నేను మర్నాడు ఫోన్‌లోనే చూశాను. ఖాళీగా ఉండే మహిళల ఆటలకి కూడా ఇదే డ్యూటీ. చదువుల్లో, కాలేజీ క్రీడలతో సహా, ఆడామగా తేడా చూపకూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వచ్చాక, ఒక జట్టుకి బ్యాండు పంపి ఇంకో జట్టుకి పంపకపోతే ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆ ఆటలే నాకు ఎక్కువ ఇష్టం. జనం తక్కువ కాబట్టి మనం వాయించింది ఆడే అమ్మాయిలకి వినపడుతుంది, ఒక్కోసారి తిరిగి చెయ్యి ఊపుతారు.

అపోహ: లోపలే కదా ఆట, చలితో ఏం పని?

మంచు పరిచిన ఐస్ హాకీ రింక్‌లో ఒక్కసారి నిలబడి చూడండి. గొట్టంలో గాలి పది డిగ్రీలు చల్లబడితే ధ్వని వేగం సెకనుకి ఆరు మీటర్లు తగ్గుతుంది, శ్రుతి దిగిపోతుంది. అందుకే వంతు రాకముందు నుంచే చప్పుడు లేకుండా బూరలోకి వెచ్చటి ఊపిరి వదులుతూ ఉంటాం, శ్రుతి సరిచేసే గొట్టం, ట్యూనింగ్ స్లైడ్ అంటారు, దాన్ని కొంచెం లోపలికి నొక్కుతాం. చెక్క క్లారినెట్ ఉన్నవాళ్లు దాన్ని ఇంట్లో పెట్టి ప్లాస్టిక్‌ది తెచ్చుకుంటారు, చలికి చెక్క పగులుతుందని భయం. వేళ్లు లేని చేతి తొడుగులు బతికిస్తాయి.

అపోహ: బూరలోంచి కారేదంతా ఉమ్మి.

ఈ మాట అమ్మది కాదు, అమ్మమ్మది. "ఎవరి ఎంగిలో ఏమిటో, కాలేజీ వాళ్లిచ్చిన బూర ఊదుతావా?" అని. మెలోఫోన్, ఒంటి చుట్టూ తగిలించుకునే పెద్ద బూర సౌసాఫోన్ లాంటివి కాలేజీయే ఇస్తుంది, ఏళ్లతరబడి చేతులు మారతాయి. మౌత్‌పీస్ మాత్రం సొంతంగా కొనుక్కోవచ్చు, నేను మొదటి వారమే కొన్నాను. కిందపడే నీళ్లలో ఎక్కువ భాగం మన ఊపిరిలోని తేమే, చల్లటి ఇత్తడికి తగిలి నీరవుతుంది. చలికాలం కిటికీ అద్దం మీద పట్టినట్టు. అయినా ఆట అయ్యాక ట్రాంబోన్ల వరసలో చెప్పుల్లేకుండా నడవమంటే నేను నడవను.

అపోహ: మనకి నచ్చిన పాట వాయించొచ్చు.

ఒక తెలుగు సినిమా పాటని బ్యాండుకి తగ్గట్టు రాసుకుని తీసుకెళ్లాను. డైరెక్టర్ చూసి, బాగుంది, అనుమతి ఏదీ అన్నారు. హాల్లో పాటలు వాయించడానికి కాలేజీలు హక్కుల సంస్థలకి ఏడాదికింత అని కడతాయి. కానీ ఒకరి పాటని వేరే వాయిద్యాలకి మార్చి రాయాలంటే హక్కుదారు అనుమతి విడిగా కావాలి. రెండు ఈమెయిళ్లు పంపాను, జవాబు లేదు. ఆ కాగితాలు ఇంకా నా దగ్గరున్నాయి.

అపోహ: సొంత కాలేజీ కోసమే వాయిస్తారు.

మార్చి నెలలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ జరిపే బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ఉంటుంది. ఎవరు ఎక్కడ ఆడాలో ఆదివారం సాయంత్రం తెలుస్తుంది, గురువారానికల్లా దేశం అవతలి చివర ఉండాల్సి రావచ్చు. అక్కడికి 29 మంది వాద్యకారులకే అనుమతి. ఎవరు ఆ 29 అన్నది తేలే రోజున బ్యాండు గదిలో ఉండే టెన్షన్ ఏ క్వాలిఫయింగ్ పరీక్షకీ తక్కువ కాదు. ఎంపికయ్యాక ఇంకో పని, ప్రొఫెసర్లకి మిడ్‌టర్మ్ గురించి వినయంగా ఈమెయిళ్లు రాయడం. టోర్నమెంట్‌లో విరామాలు కూడా వంతులవారీ. ఒకటి మనది, తర్వాతది అవతలి బ్యాండుది.

కొన్నిసార్లు అసలు బ్యాండే రాలేదు. 2024లో తూర్పు తీరంలోని యేల్ యూనివర్సిటీ జట్టు పడమటి వైపు, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో ఆడాల్సి వచ్చింది. వాళ్ల బ్యాండు పిల్లలు సెలవుల్లో ఉన్నారు. గంటన్నర దూరంలో మాస్కో అనే ఊరుంది, రష్యాది కాదు, పక్క రాష్ట్రం ఐడహోది. అక్కడి ఐడహో యూనివర్సిటీ బ్యాండు యేల్ టీషర్టులు తొడుక్కుని, యేల్ పాట నేర్చుకుని వచ్చేసింది. మార్చి 22న యేల్ 78-76తో ఆబర్న్ యూనివర్సిటీ జట్టుని ఓడించింది. ఊరు కానివాళ్ల కోసం అంత గట్టిగా వాయించగలరా అని నన్నడిగిన వాళ్లున్నారు. పెళ్లికొడుకు మేనల్లుడైతేనే డోలు వాయిస్తారా ఏంటి?

అపోహ: బోలెడు డబ్బులిస్తారు. / పైసా రాదు.

రెండూ వింటుంటాను. కాలేజీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల డిగ్రీ లెక్కలోకి వచ్చే ఒక క్రెడిట్, కొన్నిచోట్ల ఆటకింత, కొన్నిచోట్ల పిజ్జా. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు డబ్బు తీసుకునే ముందు అది ఉద్యోగం కిందకి వస్తుందా అని ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోండి. సీనియర్ చెప్పాడని ఊరుకోకండి. బాబాయికి నేను చెప్పిన అంకె మాత్రం ఇప్పటికీ అబద్ధమే.

అపోహ: చెవులకి ఏం కాదు, అలవాటైపోతుంది.

అలవాటు కాదు, పోతుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలకు మించి వినొద్దని అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే సంస్థ లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. ట్రంపెట్ల ముందు వరసలో నిలబడే క్లారినెట్ పిల్లలకి ఆ 15 నిమిషాలు మొదటి భాగంలోనే అయిపోవచ్చు. సంగీతం తెలిసేలా శబ్దం తగ్గించే ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, మౌత్‌పీస్ కంటే ముందు అవి కొనండి.

అపోహ: డిగ్రీతో పాటే అదీ అయిపోతుంది.

మెలోఫోన్ తిరిగి ఇచ్చేశాను, మౌత్‌పీస్ మిగిలింది. పోయిన ఏడాది తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్లి. పంతులుగారు గట్టిమేళం అనగానే నా కుడిచేతి వేళ్లు చీర కుచ్చిళ్ల మీద కదిలాయి, అమ్మ చూసి నవ్వింది. డోలు ఆయన ఎంత కచ్చితంగా ఆపాడంటే, మా డైరెక్టర్ చూసి ఉంటే ఉద్యోగమిచ్చేవారు. భోజనాల దగ్గర పక్కన కూర్చుని, "పంతులుగారు చెయ్యి ఎత్తినట్టు లేదు, ఆపాలని ఎలా తెలిసిందండీ?" అని అడిగా.

"ఆయన్నెవరు చూస్తారమ్మా. పెళ్లికొడుకు వేళ్లు చూస్తా. మూడో ముడి పడిందా, ఆపేస్తా" అన్నాడు.

నేను మా బ్యాండు గురించి, 16, 12, 8, 4 గురించి చెప్పా. శ్రద్ధగా విన్నాడు. పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "అయితే మీ ఆటకి మొత్తం ఎన్ని ముళ్లమ్మా?" అన్నాడు.

"ఎనిమిదండీ."

"చాలా పెద్ద పెళ్లే" అన్నాడు.