హెక్టారుకు ఇంత: అడవి లెక్కలో ఎక్కడ దారి తప్పాం?

అండమాన్ నికోబార్‌లోని గ్రేట్ నికోబార్ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే ప్రాజెక్టు మళ్లీ వార్తల్లోకెక్కింది. 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది, బదులుగా చెట్లు పెంచేది హర్యానాలో. సముద్రం మధ్యలో ఏడాది పొడవునా పచ్చగా ఉండే అడవికి, దాదాపు మూడు వేల కిలోమీటర్ల అవతల వాన తక్కువ పడే చోట మొక్కలు నాటితే సరిపోతుందా అని అడిగితే, పరిహారం నిబంధనల ప్రకారమే ఉందంటోంది ప్రభుత్వం.

ఆ నిబంధనలు ఎలా పుట్టాయో చెప్పడానికి 1980 అటవీ సంరక్షణ చట్టం నుంచో, అడవుల మీద సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నడిచిన గోదావర్మన్ కేసు నుంచో మొదలుపెట్టక్కర్లేదు. ఆ కథ చాలామందికి తెలుసు. నా లెక్కలో అసలు మలుపు 2005, 2008 మధ్య ఉంది.

గనికో డ్యాముకో అడవి తీసుకునేవాళ్లు హెక్టారుకు 5.80 లక్షల నుంచి 9.20 లక్షల రూపాయల దాకా కట్టాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. దీన్నే నికర వర్తమాన విలువ, వాడుకలో ఎన్‌పీవీ అంటారు. ఆ అంకె ఏ పద్ధతిలో తేల్చాలో చూడటానికి 2005 సెప్టెంబర్ 26 తీర్పుతో నిపుణుల కమిటీ వచ్చింది. ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్ ఆర్థికవేత్త కంచన్ చోప్రా దానికి నాయకత్వం వహించారు.

ఎన్‌పీవీ అంటే అడవి ముందు ముందు ఇచ్చేదాన్నంతా ఈనాటి రూపాయల్లోకి మార్చడం. ఇందులో డిస్కౌంట్ రేటే, అంటే రేపటి రూపాయి విలువను ఏడాదికి ఇంత శాతం చొప్పున తగ్గించే రేటే ప్రాణం. ఇరవై ఏళ్ల తర్వాత అందే 100 రూపాయలు 5 శాతం రేటున ఈరోజు సుమారు 38 రూపాయలు. 10 శాతం వేస్తే 15 కూడా రావు. యాభై ఏళ్ల తర్వాతి వంద అయితే, అదే 10 శాతానికి ఈరోజు ఒక్క రూపాయి కూడా చేయదు. మన మనవళ్లు తాగే వాగు నీళ్లకు విలువ ఉందా లేదా అన్నది ఈ ఒక్క అంకె తేల్చేస్తుంది.

చోప్రాకు అడవి కాగితం మీద మాత్రమే తెలిసింది కాదు. ఇద్దరు సహ పరిశోధకులతో కలిసి ఆమె 1990లో తెచ్చిన పుస్తకం శివాలిక్ కొండల కింది పల్లెల గురించే. అక్కడి సుఖోమజ్రీలో మేకలు మేసి మేసి కొండ బోడిగా మారింది, ఆ మట్టి కొట్టుకొచ్చి చండీగఢ్ సుఖ్నా చెరువు పూడిపోతూ వచ్చింది. 1970ల చివర చిన్న చిన్న కట్టలు కట్టి, ఆ నీళ్లలో భూమి లేని ఇంటికి కూడా వాటా ఇచ్చారు. కాపలావాడు లేకుండానే మేకలు కొండెక్కడం ఆగిపోయింది. ఈ సుఖోమజ్రీ ఉన్నది కూడా హర్యానాలోనే.

అందుకే ఆమె కమిటీ 2006 నివేదికలో అడవి ఖరీదుతో పాటు, ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. కలప, వంటచెరకు, మేత, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, నీళ్లు, కార్బన్, వీటిని విడివిడిగా లెక్కేయాలి. ఒక్కోదాని వల్ల ఎవరు బతుకుతున్నారో చూసి స్థానికులకు, రాష్ట్రానికి, దేశానికి పంచాలి. ఏ అడవికి ఆ అడవి లెక్క చూడాలి.

అటవీ కేసుల్లో సాయానికి సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ దీన్ని సులువు చేసింది. ప్రతి ఫైలుకూ విడిగా విలువ కట్టడం ఆచరణలో కష్టమన్నది దాని వాదన, అందులో కొంత నిజం లేకపోలేదు. దేశంలోని అడవులను ఆరు తరగతులుగా, ఒక్కో తరగతిని చిక్కదనాన్ని బట్టి మూడుగా విడగొట్టింది. 2008 మార్చి 28న సుప్రీంకోర్టు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా రేట్లు ఖాయం చేసింది. అభయారణ్యమైతే ఐదు రెట్లు, జాతీయ పార్కయితే పది రెట్లు. (గ్రేట్ నికోబార్‌లో గలథియా బే అభయారణ్యం హోదాను 2021 జనవరిలో తీసేయడానికి ఓకే చెప్పారు.) రేట్ల పట్టిక మిగిలింది, పంపకం మాట జారిపోయింది.

తర్వాతిదంతా ఆ పట్టిక మీదే నడిచింది. 2016 పరిహార అటవీకరణ నిధి చట్టం ఇలా వసూలైన డబ్బులో 90 శాతం రాష్ట్రాలకు ఇచ్చింది, 2019 ఆగస్టులో 47,436 కోట్లు ఒకేసారి వెళ్లాయి. అడవిలో బతికేవాళ్ల హక్కులను గుర్తించే అటవీ హక్కుల చట్టం వచ్చి అప్పటికే పదేళ్లు దాటినా, ఆ ఖర్చు మీద గ్రామసభకు గట్టి అధికారం దక్కలేదు. 2022 జనవరిలో గరిష్ఠ రేటు 15.95 లక్షలైంది.

నికోబార్‌లో పోయే 13,075 హెక్టార్లకూ ఆ గరిష్ఠ రేటే వేసినా మొత్తం సుమారు 2,086 కోట్లు. 2022లో ప్రాజెక్టు అంచనా 72 వేల కోట్లు. మూడు శాతం కూడా కాదు.

ఈ అడవిని తీసుకోవడానికి తొలి దశ అనుమతి 2022 అక్టోబర్‌లో వచ్చింది. అంతకు ముందు ఆగస్టులో తామిచ్చిన అంగీకారాన్ని అక్కడి ఆదివాసులైన నికోబారీల ట్రైబల్ కౌన్సిల్ నవంబర్‌లో వెనక్కి తీసుకుంది.