చేతులు మారిన కర్మాగారాలు: 1990ల ప్రైవేటీకరణపై అపోహలు - వాస్తవాలు

సంస్థల విలువ కట్టడం నా వృత్తి. మన దగ్గర ప్రైవేటీకరణ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ సమర్థించేవారు పోలండ్‌ను, వ్యతిరేకించేవారు రష్యాను ఉదాహరణగా చూపిస్తారు. ప్రణాళికా వ్యవస్థ నుంచి మార్కెట్ వ్యవస్థకు మారిన ఆ దేశాల్లో నిజంగా ఏం జరిగిందన్నది మాత్రం ఇరుపక్షాల వాదనల్లోనూ సరిగా కనిపించదు. సంస్థను ఎవరికి, ఎంతకు ఇచ్చారన్నది సగం ప్రశ్న మాత్రమేనని నా అభిప్రాయం. మరునాటి నుంచి పగ్గాలు ఎవరి చేతికి వెళ్లాయి, వారిని నిలదీసే అధికారం ఎవరికి దక్కింది అన్నది మిగతా సగం. చాలాచోట్ల ఫలితాన్ని నిర్ణయించింది అదే.

అపోహ: తూర్పు జర్మనీ సంస్థలను కారుచౌకగా అమ్మేయడం వల్లే అంత నష్టం వచ్చింది.

తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థలను ప్రైవేటుపరం చేయడానికి 1990లో ఏర్పడిన ట్రాయ్‌హాండ్ అనే ప్రభుత్వ సంస్థ కిందికి దాదాపు 8,500 సంస్థలు, వాటిలో పనిచేసే సుమారు 40 లక్షల మంది ఒక్కసారిగా వచ్చారు. ఈ ఆస్తులన్నిటి విలువ 60,000 కోట్ల మార్కులు ఉంటుందని దాని అధిపతి డెట్లెఫ్ రోవెడర్ తొలుత అంచనా వేశారు. 1991 ఏప్రిల్ 1న ఆయన హత్యకు గురయ్యారు. 1994 చివర ట్రాయ్‌హాండ్‌ను మూసేనాటికి మిగిలింది 25,000 కోట్ల మార్కులకు పైబడిన లోటు.

ఈ తేడాకు ముఖ్య కారణం విలువను లెక్కగట్టిన తీరులో ఉంది. 1980ల చివర తూర్పు జర్మనీ సంస్థలు ఎగుమతుల ద్వారా ఒక పశ్చిమ మార్కు సంపాదించడానికి సగటున 4.40 తూర్పు మార్కులు ఖర్చు పెట్టేవి. అలాంటి చోట 1990 జూలై 1న రెండు జర్మనీల కరెన్సీని ఒకటి చేస్తూ జీతాలను ఒకటికి ఒకటి చొప్పున పశ్చిమ మార్కుల్లోకి మార్చారు. అంతవరకు అప్పో సప్పో చేసి నడుస్తున్న కర్మాగారానికి రాత్రికి రాత్రి ఖర్చు ఎన్నో రెట్లు పెరగగా, సరుకు కొనే సోవియట్ కూటమి దేశాలు అదే సమయంలో కొనుగోళ్లు ఆపేశాయి. జ్వికావ్‌లో తయారైన ట్రబాంట్ కారు కోసం ప్రజలు ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. వాడిన పశ్చిమ జర్మనీ కార్లు అందుబాటులోకి రాగానే దానికి గిరాకీ పడిపోయి, 1991 ఏప్రిల్ చివర ఉత్పత్తి నిలిచిపోయింది. యంత్రానికి ఒకనాడు ఎంత పెట్టుబడి పెట్టామన్నది పద్దుల్లో ఉంటుంది. దానితో తయారైన సరుకును ఖర్చుకు మించిన ధర ఇచ్చి కొనేవారు లేనప్పుడు ఆ పద్దుకు అర్థం ఉండదు, పైగా నేలలో చేరిన కాలుష్యాన్ని శుభ్రం చేసే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది.

అలాగని ట్రాయ్‌హాండ్‌పై వచ్చిన విమర్శలన్నిటినీ కొట్టిపారేయలేం. బిషోఫెరోడ్ పొటాష్ గనిని 1993లో మూయాలని నిర్ణయించినప్పుడు కార్మికులు నిరాహార దీక్షకు దిగారు. పశ్చిమ జర్మనీలోని పోటీ సంస్థతో విలీనం పేరుతో తమ గనిని బలిపెట్టారని వారు చేసిన ఆరోపణను నేను తేలిగ్గా తీసుకోను. పోటీదారుడే కొనుగోలుదారుడైనప్పుడు అతడు కొంటున్నది కర్మాగారాన్నా, దాని మార్కెట్‌నా అన్నది అమ్మేవారు ముందే అడిగి తీరవలసిన ప్రశ్న.

అపోహ: వోచర్లు పంచితే ప్రతి పౌరుడూ యజమాని అవుతాడు.

చెకొస్లవేకియా అనుభవాన్ని ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ చదవాలి. ఆర్థిక మంత్రి వాట్స్లావ్ క్లౌస్ ముందుండి నడిపిన ఈ పథకంలో పౌరులు, ప్రభుత్వ సంస్థల వాటాలుగా మార్చుకోగల 1,000 పాయింట్ల వోచర్ పుస్తకాన్ని, దాని నమోదు స్టాంపును కలిపి 1,035 కొరూనాలకు కొనుక్కోవచ్చు. అది నెల జీతంలో సుమారు నాలుగో వంతు. మొదట్లో జనం పెద్దగా ఆసక్తి చూపలేదు. విక్టర్ కోజెనీ అనే యువకుడు స్థాపించిన హార్వర్డ్ ఫండ్లు, వోచర్లు తమకు అప్పగిస్తే ఏడాది తర్వాత పెట్టినదానికి పది రెట్లు ఇస్తామని ప్రకటించాయి. దాంతో క్యూలు పెరిగి 1992 నాటి మొదటి విడతలోనే 85 లక్షల మంది చేరారు. ఆ ఫండ్లకు అమెరికా విశ్వవిద్యాలయంతో ఎలాంటి సంబంధమూ లేదు.

కాగితం మీద ఇంతమంది వాటాదారులు ఏర్పడినా మొదటి విడతలో 70 శాతానికి పైగా పాయింట్లు ఇలాంటి పెట్టుబడి ఫండ్ల చేతికే చేరాయి. పెద్ద ఫండ్లలో అనేకం బ్యాంకుల అనుబంధ సంస్థలు. ఆ బ్యాంకుల్లో ప్రధాన వాటా ఇంకా ప్రభుత్వానిదే. అంటే ప్రభుత్వ ఆధీనంలోని బ్యాంకు ఒక కంపెనీకి అప్పు ఇస్తుంది, ఆ బ్యాంకు ఫండే ఆ కంపెనీలో వాటాదారుగా ఉంటుంది. తీరని అప్పును గట్టిగా వసూలు చేస్తే తన ఫండ్ వాటా విలువే పడిపోతుంది కనుక, కంపెనీ పాత అప్పు తీర్చడానికి బ్యాంకే కొత్త అప్పు ఇస్తుంది. మరోవైపు కొందరు ఫండ్ నిర్వాహకులు, కంపెనీ అధికారులు తమ సొంత సంస్థలకు ఆస్తులను తక్కువ ధరకు మళ్లించి కంపెనీలను లోపలి నుంచి ఖాళీ చేశారు. ప్రాగ్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1993లోనే మొదలైంది కానీ, దానిపై నిఘా ఉంచవలసిన సెక్యూరిటీల కమిషన్ 1998లో గాని ఏర్పడలేదు. ఆ ఐదేళ్ల విరామంలో చిన్న వాటాదారు పోగొట్టుకున్నదే ఎక్కువని నా అంచనా. కోజెనీ దేశం విడిచి వెళ్లిపోగా, 2010లో ప్రాగ్ న్యాయస్థానం ఆయన పరోక్షంలోనే దోషిగా తేల్చింది.

అదే దేశంలో ష్కోడా కార్ల సంస్థను వోచర్లలోకి తీసుకురాలేదు. 1991లో నేరుగా ఫోక్స్‌వాగన్‌తో ఒప్పందం చేసుకుని, మొదట కొంత వాటా ఇచ్చి తర్వాత దశలవారీగా పెంచారు. అక్కడ యజమాని ఎవరో, పెట్టుబడికి బాధ్యత ఎవరిదో మొదటి రోజే తేలిపోయింది.

అపోహ: రష్యా కుబేరులందరూ వోచర్ల నుంచే పుట్టారు.

రెండు వేర్వేరు ఘట్టాలను ఒకటిగా కలిపేయడం వల్ల ఈ మాట పుట్టింది. ప్రైవేటీకరణ వ్యవహారాలు చూసిన మంత్రి అనతోలీ చుబైస్ ఆధ్వర్యంలో 1992 అక్టోబరు నుంచి పంచిన వోచరు ముఖవిలువ 10,000 రూబుళ్లు. ఆ ఒక్క ఏడాదిలోనే ధరలు దాదాపు 26 రెట్లు కావడంతో చాలామంది దాన్ని వచ్చిన ధరకు అమ్ముకున్నారు. అయితే ఆ దశలో పెద్ద లబ్ధి పొందింది కర్మాగారాల డైరెక్టర్లు. చట్టం చూపిన మూడు మార్గాల్లో ఎక్కువ సంస్థలు రెండోదాన్ని ఎంచుకున్నాయి. దాని ప్రకారం, ధరల పెరుగుదలకు తగ్గట్టు సవరించని పుస్తక విలువకు (పద్దుల్లో రాసి ఉన్న విలువకు) 1.7 రెట్లు చెల్లించి సిబ్బంది, యాజమాన్యం కలిసి 51 శాతం వాటా తీసుకోవచ్చు. కార్మికుల పేరిట వాటాలున్నా, వారి ఉద్యోగం డైరెక్టర్ చేతిలో ఉన్నప్పుడు ఓటు కూడా ఆయన చేతిలోనే ఉంటుంది.

చమురు, నికెల్ సామ్రాజ్యాలు చేతులు మారింది ఆ తర్వాత, 1995 చివరి నెలల్లో జరిగిన 'వాటాల తాకట్టుపై రుణాలు' అనే పథకంలో. ఖజానా ఖాళీ అయిన ప్రభుత్వం వాటాలను తాకట్టు పెట్టి బ్యాంకుల నుంచి అప్పు తీసుకుంది, తీర్చలేదు, వాటాలు చివరకు బ్యాంకుల చేతికే వెళ్లాయి. నొరిల్స్క్ నికెల్‌లో 38 శాతం వాటాకు కనీస ధర 17 కోట్ల డాలర్లు. వేలాన్ని నిర్వహించిన ఒనెక్సిమ్ బ్యాంకే 17.01 కోట్ల డాలర్లతో గెలవగా, 35.5 కోట్ల డాలర్లు ఇస్తామన్న మరో బ్యాంకును అనర్హమని పక్కన పెట్టారు. ఆ పథకంలోకి వచ్చినవి డజను కంపెనీలు మాత్రమే. అయినా ప్రైవేటీకరణ అన్న మాటకే రష్యాలో మచ్చ తెచ్చింది ఆ డజనే, అది న్యాయమైన మచ్చే.

అపోహ: పోలండ్ గెలిచింది అన్నీ వేగంగా అమ్మేయడం వల్లే.

పోలండ్ వేగంగా చేసినవి వేరే పనులు. 1990 జనవరి 1న ఆర్థిక మంత్రి బాల్ట్సెరోవిచ్ ప్రణాళికతో ధరలపై నియంత్రణను చాలావరకు ఎత్తేశారు, సబ్సిడీలకు కోత పెట్టారు, దిగుమతులకు తలుపులు తెరిచారు. దుకాణాల వంటి చిన్న ఆస్తులు త్వరగానే ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. పెద్ద సంస్థల విషయంలో కార్మిక మండళ్ల సమ్మతి అవసరం కావడంతో ఏళ్లు గడిచాయి. 512 కంపెనీలను 15 జాతీయ పెట్టుబడి నిధుల కిందికి తెచ్చిన సామూహిక ప్రైవేటీకరణ పథకం 1995లో గాని మొదలు కాలేదు. అప్పటికే, ఆ మరుసటి ఏడాది కల్లా 1989 నాటి ఉత్పత్తి స్థాయిని దాటే దారిలో దేశం ఉంది. ఆదుకునే సొమ్ము ఇక రాదని తెలిసిన ప్రభుత్వ కంపెనీలు అమ్ముడుపోకముందే ఖర్చులు తగ్గించుకోగా, కొత్తగా పుట్టిన లక్షలాది చిన్న ప్రైవేటు సంస్థలు ఉపాధి కల్పించాయి. రాగి సంస్థ కెజిహెచ్ఎంలో, అతిపెద్ద బ్యాంకు పికెఒలో నేటికీ ప్రభుత్వమే పెద్ద వాటాదారు.

అపోహ: చైనా ఏదీ అమ్మలేదు.

1997 పార్టీ మహాసభ తర్వాత పెద్ద సంస్థలను ఉంచుకుని, చిన్నవాటిని విడిచిపెట్టే విధానం ఊపందుకుంది. జిల్లాల స్థాయిలో వేలాది సంస్థలు ఎక్కువగా వాటి నిర్వాహకుల పరమయ్యాయి. ఆ కొన్నేళ్లలో రెండు కోట్లకు పైగా కార్మికులు ఉపాధి కోల్పోయారు.

అపోహ: విశాఖ ఉక్కుకు రష్యా గతే పడుతుంది, లేదా పోలండ్ భాగ్యమే దక్కుతుంది.

కంపెనీ చట్టం, దశాబ్దాల స్టాక్ మార్కెట్ ఉన్న దేశంలోని ఒక సంస్థకు ఆ పోలికలు నేరుగా వర్తించవు. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా విక్రయానికి ఆమోదం తెలిపింది, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది. అమ్మాలా వద్దా అన్నదానిపై ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది. విలువ కట్టేవాడిగా నా ప్రశ్నలు మాత్రం మూడు. సొంత ఇనుప ఖనిజ గనులు లేని కర్మాగారానికి గని కేటాయిస్తారా, కేటాయిస్తే అమ్మకానికి ముందా, తర్వాతా? ఉక్కు కర్మాగారం కోసమని రైతులు ఇచ్చిన దాదాపు 20 వేల ఎకరాల భూమి ఏ షరతులతో వెళుతుంది? ఆ షరతులు మీరితే కోర్టుకు వెళ్లే హక్కు కార్మికులకు, నిర్వాసితులకు ఉంటుందా? ఈ మూడింటికీ రాతపూర్వకమైన జవాబు లేకుండా ఎవరు ఏ అంకె చెప్పినా, దాన్ని ఆ సంస్థ విలువగా నేను అంగీకరించను.