పీఎం 10 తక్కువ చూపిస్తే దుమ్ము లేనట్టేనా? చిన్న గాలి సెన్సార్లు: అపోహలు, వాస్తవాలు

అపోహ: సెన్సార్‌లో పీఎం 10 (గాలిలో పది మైక్రాన్ల లోపు రేణువుల కొలత; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తక్కువే ఉంది కాబట్టి క్రషర్ దుమ్ము ఇంటిదాకా రావడం లేదు.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. కంకర క్రషర్ పక్క ఊళ్లోనో, మిర్యాలగూడ రైస్‌మిల్లుల నడుమ కాలనీలోనో ఎవరో ఒకరు సెన్సార్ కొని బిగిస్తారు. పిట్టగోడ మీద వేలితో గీస్తే గీత పడేంత బూడిద ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం పీఎం 10 అరవై దాటదు. ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఫిర్యాదు చేసినవాళ్ల నోరు మూయించడానికి చివరికి అదే పనికొస్తుంది.

వాస్తవం: పీఎంఎస్5003, ఎస్‌డీఎస్011 లాంటి సెన్సార్లలో చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. రేణువుల మీద లేజర్ పడి చెదిరిన వెలుగును బట్టి లెక్క కడతారు. ఆ ఫ్యానుకు బలం తక్కువ, గాలి వెళ్లే దారిలో మలుపులు ఉంటాయి. బరువైన రేణువులు మలుపు తిరగలేక గోడలకు కొట్టుకుని అక్కడే ఆగిపోతాయి. సెన్సార్ బాగా చూడగలిగేది సుమారు ఒక మైక్రాన్ లోపు సన్నటి రేణువులనే. స్క్రీన్ మీద కనిపించే పీఎం 10 చాలావరకు ఆ సన్నవాటిని బట్టి వేసిన అంచనా. అందుకే పొగను ఇది చక్కగా పట్టుకుంటుంది. యాసంగి కోతలయ్యాక కొయ్యకాళ్లు కాల్చినా, చెత్తకుప్పకు నిప్పు పెట్టినా అంకె ఎగురుతుంది. కంకర పొడి, మట్టిరోడ్డు దుమ్ము, బాయిలర్ నుంచి వచ్చే ఊక బూడిద ముతకవి. వాటిలో ఎక్కువ భాగం దీనికి కనిపించదు.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. వారం రోజుల గంట సగటులు తీసుకుని, పీఎం 10ని పీఎం 2.5తో (రెండున్నర మైక్రాన్ల లోపు సన్నటి రేణువుల కొలత) భాగించండి. దుమ్ము లేచినా, పొగ వచ్చినా, వాన పడినా ఆ నిష్పత్తి 1.1, 1.3 మధ్యే తిరుగుతుంటే మీది కొలత కాదు, అంచనా. నిజంగా దుమ్ము లేచే రోడ్డు పక్కన అది 2 దాటడం మామూలే, పైగా గంటగంటకూ మారుతుంది. ఇంకో పరీక్ష ఉంది. మీటరు దూరంలో అగరుబత్తి వెలిగిస్తే నిమిషంలో అంకె పైకి పోతుంది. టిప్పర్ దుమ్ము లేపుకుంటూ పోతే కదలదు, కదిలినా కొంచెమే.

కాబట్టి ఫిర్యాదులో ఈ పీఎం 10 అంకె రాయకండి. ఏ తేదీన, ఏ వేళకు దుమ్ము వచ్చిందో, గాలి ఎటు నుంచి వీచిందో, గంటకు ఎన్ని టిప్పర్లు పోయాయో రాయండి, గోడ మీద పేరుకున్న దుమ్ము ఫొటో జతచేయండి. ఫిల్టర్ పెట్టి తూకం వేసే శాంపిలింగ్ చేయమని కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా అడగండి. అందులో గాజునార ఫిల్టర్‌ను ముందు తూచి, దాని గుండా గాలి లాగి, మళ్లీ తూచుతారు. 2009 జాతీయ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు పీఎం 10 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ వాదనకు తూకమే ఆధారం. ముతక రేణువులను కూడా లెక్కపెట్టే ఓపీసీ-ఎన్3 లాంటి సెన్సార్లు ఉన్నాయి కానీ ధర చాలా ఎక్కువ.

అపోహ: మనది చిన్న పట్టణం, గాలి మంచిదే.

2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలను అందుకోని ఊళ్ల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండ కూడా ఉంది. ఇక చెప్పేదేముంది?

అపోహ: యాప్‌లో 154 వచ్చింది, పిల్లల్ని బయటికి పంపొద్దు.

ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు భయపడటం సహజం. వాళ్లను అనడానికి లేదు. అయితే ముందు అది ఏ సూచీయో చూడండి. పీఎం 2.5 ఘనపు మీటరుకు అరవై మైక్రోగ్రాములు ఉంటే మన ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 100. అదే గాలికి అమెరికా సూచీ 150 దాటుతుంది. పైగా మన ఏక్యూఐకి పీఎం 24 గంటల సగటు కావాలి, కనీసం 16 గంటల డేటా ఉండాలి. పక్కింటివాళ్లు పొయ్యి వెలిగించిన నిమిషంలో వచ్చిన అంకె ఏక్యూఐ కాదు. డిసెంబరు మంచు పొద్దుల్లో ఇంకో తిరకాసు ఉంది. తేమకు రేణువులు ఉబ్బుతాయి, సెన్సార్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తేమ 80 శాతం దాటిన గంటలను విడిగా గుర్తుపెట్టుకోండి. తేమ సెన్సార్‌ను డబ్బా లోపల పెడితే ఆ వేడికి అది తేమను తక్కువ చూపిస్తుంది. బయట, నీడలో పెట్టాలి.

అపోహ: నెట్‌కు కలిసి ఉంది కాబట్టి డేటా సరైనదే.

నెట్ అంకెను మోసుకెళ్తుంది, సరిచేయదు. సరిచేయాలంటే ప్రభుత్వ మానిటర్ పక్కన రెండు వారాలు పెట్టి గంట సగటులు పోల్చాలి. వేరే దేశంలో కట్టిన ఫార్ములా తెచ్చి అతికిస్తే ఇక్కడి గాలికి సరిపోదు. సిగ్నల్ పోయినప్పుడు డేటా పోకుండా ఎస్‌డీ కార్డు పెట్టండి. ఫ్యానుకు 5 వోల్టులు కావాలి, 3.3 ఇస్తే అంకెలు పిచ్చిపిచ్చిగా వస్తాయి. కరెంటు ఆదా కోసం సెన్సార్‌ను మధ్యమధ్య నిద్రపుచ్చితే, లేపాక మొదటి 30 సెకన్ల అంకెలు పారేయండి. పవర్ బ్యాంకుతో నడిపితే, సెన్సార్ నిద్రపోయినప్పుడు కరెంటు వాడకం తగ్గి చాలా బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. బైకుకు కట్టి తిరిగేటప్పుడు గాలి రంధ్రం వెనక్కి ఉండాలి, లేదంటే ఎదురుగాలి ఫ్యానును తప్పుదారి పట్టిస్తుంది. గడియారం కూడా చూసుకోండి. సర్వర్ టైము సాధారణంగా ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ), దాన్ని ఐదున్నర గంటలు ముందుకు జరపకపోతే, రాత్రి ఏడింటికి కాల్చిన చెత్త పొగ గ్రాఫులో మధ్యాహ్నం ఒకటిన్నరకు కనిపిస్తుంది.