వానలో బండి: షెడ్డులో రోజూ వినే అపోహలు, వాటి అసలు సంగతి

విజయనగరంలో నాది టూవీలర్ షెడ్డు. జూలై వచ్చిందంటే తడిసిన బళ్లతో పాటు సలహాలు కూడా వచ్చిపడతాయి. కిందటేడు ఆగస్టులో నేనూ, నరసన్నపేటలో ఉండే నా స్నేహితుడూ చెరో బండి మీద సాలూరు, సుంకి ఘాట్ మీదుగా ఒడిశాలోని కోరాపుట్ వెళ్లొచ్చాం. గజపతినగరం దగ్గర పట్టుకున్న వాన తిరిగి ఇల్లు చేరేదాకా వదల్లేదు, మావాడి నోరూ ఆగలేదు. వాడు చెప్పినవాటిలో సగం నేను రోజూ వినేవే.

అపోహ: వానలో టైర్లలో గాలి తగ్గిస్తే గ్రిప్పు పెరుగుతుంది.

ఇసుకలోనో బురద దారిలోనో పనికొచ్చే మాటని తెచ్చి తారు రోడ్డుకి అంటించారు. టైరు మీద గాడులు ఉన్నది కింద నీటిని పక్కకి నెట్టడానికి. గాలి తక్కువైతే టైరు నలిగి ఆ గాడులు మూసుకుంటాయి, నీళ్లు పోయే దారుండదు, టైరు నీటి మీద తేలిపోతుంది. కంపెనీ చెప్పిన గాలి ఎండలోనూ అదే, వానలోనూ అదే. మావాడు రామభద్రపురంలో ఐదు పాయింట్లు తీసేశాడు, సాలూరులో నేనే మళ్లీ కొట్టించాను. అయితే గుండు టైరుకి ఎంత గాలి కొట్టినా లాభం లేదు. రూలు ప్రకారం టూవీలర్‌ టైరు గాడికి 0.8 మిల్లీమీటర్ల లోతుంటే చాలు, కానీ నా షెడ్డుకొస్తే 2 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయమంటాను.

అపోహ: వానలో ముందు బ్రేకు ముట్టుకోకూడదు.

ఎక్కువమందిని పడేసేది ఈ మాటే. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదకి వస్తుంది, కాబట్టి బండిని ఆపే శక్తిలో పెద్ద వాటా దానిదే. తడి రోడ్డు మీద ఆ వాటా కొంచెం తగ్గుతుందంతే, మాయమైపోదు. వెనక బ్రేకు ఒక్కదాన్నే తొక్కితే వెనక చక్రం పట్టేసి బండి తోక ఊపుతుంది, ఆపైన ఎటు పడతామో మన చేతిలో ఉండదు. రెండూ కలిపి వేయాలి. ముందుది మాత్రం మామిడిపండు మగ్గిందో లేదో నొక్కి చూసినట్టు మెల్లగా మొదలుపెట్టి, పట్టు దొరికాక పెంచుకుంటూ పోవాలి. డిస్కు మీద నీటి పొర ఉంటుంది గనక మొదటి క్షణం బ్రేకు పట్టనట్టే అనిపిస్తుంది, కంగారుపడి గట్టిగా లాగేశారో అంతే సంగతులు.

"నాకు ఏబీఎస్ ఉంది కదేటి" అంటాడు మావాడు. అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త బళ్లన్నిటికీ ఉంది, మంచిదే. కానీ చాలా బళ్లలో అది ముందు చక్రానికే, వెనకది పట్టేయొచ్చు. పైగా మలుపులో బాగా వంచి ఉన్నప్పుడు బ్రేకు లాగితే మామూలు ఏబీఎస్ కాపాడలేదు.

అపోహ: బరువు బండి జారదు.

బరువు టైరుని రోడ్డుకి అదుముతుంది, నిజమే. ఆపాల్సింది కూడా ఆ బరువునే కదా! ఇక పడ్డాక లేపడం గురించి నా నడుముని అడగండి.

అపోహ: చినుకులే కదా, జోరు వానకి ఆగుదాం.

తిరగేసి చెప్పాలి. మొదటి పది పదిహేను నిమిషాలే అన్నిటికంటే జారుడు. రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము, టైర్ల రబ్బరు కలిసి జిడ్డులా తేలతాయి, జోరు వానైతే కాసేపటికి కడిగేస్తుంది. సాలూరు అంటేనే లారీల ఊరు, ఘాట్ మలుపుల్లో ట్యాంకుల నుంచి ఒలికిన డీజిల్ వానకి ఇంద్రధనుస్సులా మెరుస్తుంటుంది. మేం చినుకు పడగానే టీ కొట్టులో దూరి, రోడ్డు కడిగాక బయల్దేరాం. ట్రాక్టర్లు పొలాల్లోంచి తెచ్చే ఎర్రమట్టి, తెల్ల గీతలు, గేటు దగ్గర రైలు పట్టాలు కూడా ఇంతే. పట్టాలు అడ్డంగా, బండి వంచకుండా దాటాలి, వాటి మీద బ్రేకు వద్దు.

అపోహ: సైలెన్సర్ మునిగితే ఇంజన్ పోయినట్టే.

ఇంజన్ నడుస్తున్నంతసేపూ పొగ తోపుకి అటునుంచి నీళ్లు రావడం కష్టం. భయపడాల్సింది ఎయిర్ ఫిల్టర్‌ గురించి. అటునుంచి నీళ్లు పీలిస్తే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో బండి ఆగిపోతే దయచేసి సెల్ఫ్ కొట్టకండి. గట్టుకి తోసుకెళ్లి, ప్లగ్గు ఊడదీసి నీళ్లు కక్కించాలి. ఆయిలు పాల టీ రంగులో ఉంటే మార్చాల్సిందే. షెడ్డుకొచ్చే పెద్ద బిల్లులు మునగడం వల్ల కంటే ఆ తరవాత పదిసార్లు కొట్టిన సెల్ఫ్ వల్లే ఎక్కువ.

అపోహ: రబ్బరు టైర్లున్నాయి, పిడుగు ఏటీ చెయ్యదు.

మబ్బు నుంచి భూమిదాకా గాలినే చీల్చుకొచ్చే పిడుగుకి రెండంగుళాల రబ్బరు ఒక లెక్కా? ఉరుముతుంటే మావాడు తాటిచెట్ల కింద ఆపబోయాడు, నేను అరిచిన అరుపు హెల్మెట్‌లోంచి కూడా వినపడినట్టుంది. చెట్టు కింద కాదు, పక్కా కట్టడంలోకి వెళ్లాలి. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి, పిడుగు హెచ్చరికలు చూపిస్తుంది.

చిన్నవి రెండు. నడుపుతూ నాలుగు ఇండికేటర్లూ వేసుకోవద్దు, ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. చైను వానకి శుభ్రపడదు, ఉన్న లూబ్ పోతుంది, రాత్రి దిగిన చోట తుడిచి మళ్లీ వేయండి.

అపోహ: వానలో బండి ఆగి ఆగి నడిస్తే బంకువాడు నీళ్లు కలిపినట్టే.

తిరిగొచ్చిన వారానికి మావాడి బండి ఇదే కథతో నా దగ్గరికొచ్చింది. "మావా, ఆ బంకులో కొట్టించినప్పట్నుంచే" అన్నాడు. ట్యాంకు మూత తీసి చూస్తే, దాని చుట్టూ చేరిన వాన నీళ్లు కిందకి పోవాల్సిన చిన్న రంధ్రం ఎర్రమట్టితో మూసుకుపోయి ఉంది. పోయే దారిలేక నీళ్లు ట్యాంకులోకి దిగాయి. ఇప్పటి పెట్రోల్‌లో ఉండే ఇథనాల్ కొంత నీటిని కలుపుకుంటుంది, అది దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి, పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. ట్యాంకు దింపి ఖాళీ చేశాను, రంధ్రంలో సన్న తీగ పెట్టి పొడిస్తే మట్టి ఊడింది. మట్టిని అరచేతిలో పోసి చూపించాను కూడా. వాడు ఇప్పటికీ బంకువాడినే తిడుతున్నాడు.